చేదుకట్టు చెప్పే సాక్ష్యం

పిల్లలూ! మీ ఇంట్లో చేపను శుభ్రం చేస్తూ ఉండగా ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? పొలుసు గీకి, మొప్పలు తీసి, పొట్ట చీల్చిన తరువాత అమ్మ చెయ్యి ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా కదులుతుంది. కాలేయాన్ని అంటిపెట్టుకొని ఆకుపచ్చని చిన్న సంచి ఒకటి అక్కడ ఉంటుంది. అదే చేదుకట్టు. మన పాఠ్యపుస్తకంలో దాని పేరు పిత్తాశయం. అది చితికిందంటే ముక్కలన్నీ చేదెక్కిపోతాయి. అందుకే దానిని పదిలంగా ఊడదీసి అవతల పారవేస్తారు.

మనం పారవేసే ఆ చేదుకట్టు కోసం కొందరు శాస్త్రజ్ఞులు చలిదేశాల సరస్సుల మీద పడవలు వేసుకొని తిరిగారు. అందులోని కొద్ది చుక్కల పైత్యరసాన్ని పరీక్షించి, "ఈ చేప కాగితపు మిల్లు నుంచి వచ్చిన నీటిలో బ్రతికింది" అని చెప్పగలిగారు. చేప ఒంటి మీద మచ్చ లేదు, గాయం లేదు. అయినా ఎలా చెప్పగలిగారు? ఆ సంగతే ఈ నెల తెలుసుకుందాం.

తెల్ల కాగితం వెనుక

ఒక పాత దినపత్రికను వారం రోజులు ఎండలో ఉంచి చూడండి. పసుపుపచ్చగా మారిపోతుంది. మీ నోటుపుస్తకంలోని కాగితం అంత తొందరగా రంగు మారదు. తేడా ఎక్కడ ఉంది? కర్రలో సెల్యులోజు అనే సన్నని పోగులు ఉంటాయి. ఆ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా పట్టి ఉంచే పదార్థం లిగ్నిను. దినపత్రికల కాగితంలో సాధారణంగా లిగ్నిను చాలావరకు మిగిలిపోతుంది. అదే ఎండకు పసుపెక్కుతుంది. ఎంతకాలమైనా తెల్లగా ఉండే కాగితం కావాలంటే లిగ్నినును తొలగించక తప్పదు.

ఇందుకోసం కర్రముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రావణంలో సుమారు 170 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉడికిస్తారు. ఉడికించే పాత్ర మన ప్రెషర్ కుక్కరు వంటిదే కాని, తాటిచెట్టంత ఎత్తు ఉంటుంది. దీనికి క్రాఫ్ట్ పద్ధతి అని పేరు. జర్మను భాషలో క్రాఫ్ట్ అంటే బలం. ఈ పద్ధతిలో తయారైన కాగితం గట్టిగా ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. లిగ్నిను కరిగిన నల్లని ద్రావణాన్ని మిల్లులోనే మండించి, అందులోని రసాయనాలను తిరిగి రాబట్టుకుంటారు.

మిగిలిన గుజ్జు గోధుమరంగులో ఉంటుంది. దానిని తెల్లబరచాలి. పుస్తకాలలో దీనినే విరంజనం అంటారు. చాలాకాలంపాటు ప్రపంచమంతటా ఈ పనికి క్లోరిను వాయువునే వాడారు. క్లోరిను గుజ్జులో మిగిలిన లిగ్నినుతో కలిసి క్లోరోఫినాల్, క్లోరోగ్వయకాల్ వంటి పదార్థాలను తయారు చేస్తుంది. అతి స్వల్పంగానైనా డయాక్సిన్ అనే మహా విషం కూడా పుడుతుంది. ఇవి కాక, పైన్ వంటి చెట్ల బంకలోని రెసిన్ ఆమ్లాలు కర్రలోంచే దిగుతాయి. గుజ్జును కడిగిన నీటితోపాటు వీటిలో కొంత భాగం నదిలోకో, సరస్సులోకో చేరుతుంది.

"చావలేదు కదండీ!"

ఈ పాఠం ఒకసారి తొమ్మిదో తరగతిలో చెబుతూ ఉంటే, వెనుక బల్ల మీది కుర్రవాడు లేచి, "మాష్టారండీ! ఆ నీళ్లలో చేపలు చచ్చిపోయాయా అండీ?" అని అడిగాడు.

"లేదురా. ఈదుతూనే ఉన్నాయి" అన్నాను.

"మరైతే బాధేముందండీ?"

తరగతి అంతా గొల్లుమని నవ్వింది. నేను నవ్వలేదు. పెద్దవాళ్లు కూడా ఏళ్ల తరబడి నీటిని ఈ లెక్కతోనే పరీక్షించారు మరి! మిల్లు నీటిలో ట్రౌట్ చేపలను వదలి, 96 గంటలు, అంటే నాలుగు రోజులు, గమనిస్తారు. సగమో, అంతకంటె ఎక్కువో చస్తే ఆ నీరు విషపూరితమని లెక్క. చావకపోతే పరీక్ష నెగ్గినట్టు. ఇది అవసరమైన పరీక్షే. నేటికీ వాడుతున్నారు. కాని నాలుగు రోజులు బ్రతికిన చేప నాలుగేళ్లు ఎలా ఉంటుందో అది చెప్పదు. చావకపోవడం వేరు, బాగుండడం వేరు.

మరి నీటినే పరీక్షించవచ్చు కదా? చిక్కు ఏమిటంటే నీరు నిలవదు. ఉదయం సీసాలో పట్టిన నీరు ఉదయం సంగతే చెబుతుంది. రాత్రి ఏం ప్రవహించిందో దానికి తెలియదు. పైగా మిల్లు నీటిలో వందల రకాల పదార్థాలు, ఒక్కొక్కటి అతి తక్కువ పాళ్లలో కలిసి ఉంటాయి. చేప మాత్రం రాత్రీ పగలూ ఆ నీటినే మొప్పలలోకి తీసుకొని వదలుతుంది. దాని శరీరం తనకు తెలియకుండానే ఒక దినచర్య పుస్తకం వ్రాసుకుంటూ ఉంటుంది. ఆ పుస్తకాన్ని చదవడం నేర్చుకోవాలి, అంతే. ఆ పుస్తకంలోని అక్షరాలనే శాస్త్రజ్ఞులు రసాయన సూచికలు అంటారు.

మొదటి సాక్షి: పైత్యరసం

జిడ్డుగిన్నెను వట్టి నీళ్లతో తోమితే జిడ్డు వదలదు. చేప ఒంట్లో చేరిన క్లోరోఫినాల్, రెసిన్ ఆమ్లాల వంటివి కూడా అంతే. కొవ్వులో కరుగుతాయి కాని నీటిలో సరిగా కరగవు. అందువల్ల కాలేయం ఒక ఉపాయం చేస్తుంది. ఆ పదార్థపు అణువుకు గ్లూకురోనిక్ ఆమ్లం అనే మరొక అణువును తగిలిస్తుంది. ఇది చక్కెర నుంచి తయారయ్యేది, నీటిలో బాగా కరిగేది. ఇలా జంట కట్టిన పదార్థాన్ని పైత్యరసంలోకి తోసివేస్తుంది. పైత్యరసం చేదుకట్టులో నిలవ ఉండి చిక్కబడుతుంది. తరువాత పేగులోకి, అక్కడినుంచి బయటికి పోతుంది.

కనుక నీటిలో అంతంతమాత్రంగా ఉన్న పదార్థం చేదుకట్టులో వేల రెట్లు చిక్కగా దొరుకుతుంది! ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 1980ల కాలంలో సైమా సరస్సు ప్రాంతంలో ఈ విషయాన్ని బాగా ఉపయోగించుకున్నారు. అక్కడి చేపల పైత్యరసంలో క్లోరోఫినాల్ జాతి పదార్థాలను, రెసిన్ ఆమ్లాలను కొలిచారు. వలలో పడిన చేప నిన్న ఎక్కడ తిరిగిందో మనకు తెలియదు. అందువల్ల కొన్ని పరిశోధనలలో మంచి నీటిలో పెరిగిన చేపలను పంజరాలలో పెట్టి, మిల్లుకు దగ్గర కొన్ని, దూరంగా కొన్ని దించారు. పంజరంలోని చేప కదలదు కనుక ఆ చోటి సంగతే చెబుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు? సూదితో చేదుకట్టులోంచి పైత్యరసాన్ని లాగుతారు. కాలేయం తగిలించిన అణువును ఒక ఎంజైముతోనో, క్షారంతోనో విడగొడతారు. తరువాత గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే పరికరంలోకి పంపుతారు. ఇందులో వెంట్రుకవంటి రంధ్రం గల, మీటర్ల కొద్దీ పొడవైన గొట్టం ఉంటుంది. ఆవిరైన పదార్థాలన్నీ అందులో పరుగుపందెం పెట్టుకున్నట్లు సాగుతాయి. ఒక్కొక్క పదార్థం తనకు పట్టే సమయంలో గమ్యం చేరుతుంది. ఆ సమయాన్ని బట్టి, మరికొన్ని కొలతలను బట్టి ఏది ఏదో గుర్తిస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చేప మేత మేయగానే చేదుకట్టు ఖాళీ అవుతుంది. ఆకలిగా ఉన్నపుడు నిండుతుంది. ఒక చేప మేసి, మరొకటి పస్తు ఉంటే రెండింటినీ పోల్చకూడదు. అన్నింటినీ ఒకే తీరుగా ఉంచితేనే లెక్క నిలుస్తుంది. ఇంకొక సంగతి. చేపను మంచి నీటిలోకి మార్చితే కొద్ది రోజులలోనే పైత్యరసం శుభ్రపడుతుంది. అంటే ఈ సాక్షి ఇటీవలి సంగతులే చెబుతుంది.

రెండవ సాక్షి: కాలేయంలోని ఎంజైము

పెండ్లివారింటికి మీరు విందు అయిపోయాక వెళ్లారనుకోండి. అతిథులు లేరు. పెరట్లో గాడిపొయ్యి మాత్రం ఉంది. ఆ పొయ్యి పొడవు చూసి ఎంతమందికి వంట జరిగిందో ఊహించవచ్చు కదా? చేప కాలేయంలోనూ ఇటువంటి గాడిపొయ్యి ఒకటి ఉంది. దాని పేరు సైటోక్రోమ్ పి-450. ఇది ఒక ఎంజైముల కుటుంబం. కార్బన్ మోనాక్సైడు వాయువుతో కలిసినపుడు 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని గట్టిగా పీల్చుకుంటాయి కనుక ఆ అంకె పేరులో చేరింది. బయటినుంచి వచ్చిన పదార్థాలను మార్చి, బయటికి పంపడానికి సిద్ధం చేయడం వీటి పనులలో ఒకటి.

ఈ కుటుంబంలో 1ఎ అనే ఎంజైము డయాక్సిన్ వంటి బల్లపరుపు అణువులు లోపలికి వస్తే బాగా పెరుగుతుంది. ఆ అణువు కాలేయ కణంలోని ఒక ప్రోటీనుకు అతుక్కుంటుంది. రెండూ కలిసి కేంద్రకంలోకి పోయి, "ఎంజైము ఇంకా కావాలి" అని జన్యువుకు కబురు అందిస్తాయి. ఒకటి రెండు రోజులలోనే ఎంజైము పని పెరుగుతుంది. చేపలలో ఇటువంటి ఎంజైముల పెరుగుదలను చమురు కాలుష్యానికి గుర్తుగా వాడవచ్చునని కెనడా శాస్త్రజ్ఞుడు జె. ఎఫ్. పేన్ 1976లో చూపించాడు. తరువాత అదే మార్గాన్ని కాగితపు మిల్లుల దగ్గర కూడా అనుసరించారు.

ఎంజైమును కొలిచే తీరు చూడముచ్చటగా ఉంటుంది. చేప కాలేయాన్ని తీసిన వెంటనే ద్రవ నైట్రోజనులో వేస్తారు. అది మైనస్ 196 డిగ్రీల చలి. ఆలస్యమైతే ఎంజైము చెడిపోతుంది. ప్రయోగశాలలో కాలేయాన్ని నూరి, అతివేగంగా తిప్పి, ఎంజైము ఉన్న భాగాన్ని వేరుచేస్తారు. దానికి ఎథాక్సీరెసొరుఫిన్ అనే పదార్థాన్ని కలుపుతారు. ఎంజైము ఆ అణువులోంచి చిన్న ముక్కను కత్తిరిస్తుంది. మిగిలినది రెసొరుఫిన్. దీనిపై తగిన కాంతి పడితే ఎర్రగా మెరుస్తుంది. మెరుపు ఎంత త్వరగా పెరిగితే ఎంజైము అంత ఎక్కువగా ఉన్నట్టు. ఈ కొలతను శాస్త్రజ్ఞులు కురచగా "ఇరాడ్" అంటారు.

రెండు చోట్ల కథ

స్వీడన్ తూర్పు తీరంలో నోర్‌సుండెట్ అనే చోట తెల్ల గుజ్జు తయారుచేసే మిల్లు ఒకటి ఉండేది. దాని నీరు బోత్నియా సింధుశాఖలో కలిసేది. 1980లలో అక్కడి పెర్చ్ చేపలను పరీక్షించారు. కాలేయంలో ఇరాడ్ బాగా పెరిగి ఉంది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కనిపించింది. ఆ చేపలలో బీజకోశాలు చిన్నవిగా ఉన్నాయి, చేపలు ఆలస్యంగా ఈడుకు వస్తున్నాయి. ఈదుతూనే ఉన్నాయి, మేస్తూనే ఉన్నాయి. కాని ముందు తరాన్ని ఇవ్వడంలో వెనుకబడుతున్నాయి.

కెనడాలో సుపీరియర్ సరస్సు ఉత్తరపు ఒడ్డున టెరస్ బే అనే ఊరు ఉంది. అక్కడి మిల్లు నీరు బ్లాక్‌బర్డ్ వాగు ద్వారా జాక్‌ఫిష్ బే అనే అఖాతంలోకి చేరేది. కెల్లీ మంకిట్రిక్, ఆయన తోటివారు అక్కడ వైట్ సక్కర్ అనే చేపలను పట్టి, మిల్లు నీరు చేరని మరొక అఖాతంలోని చేపలతో పోల్చారు. 1991లో ఫలితాలు ప్రకటించారు. జాక్‌ఫిష్ బే చేపలలో కాలేయపు ఎంజైము ఎక్కువ. రక్తంలో లైంగిక హార్మోనులు తక్కువ. ఈడుకు రావడం ఆలస్యం.

1989లో ఆ మిల్లువారు నీటిని శుద్ధిచేసే పెద్ద చెరువును ఏర్పాటుచేశారు. అందులో గాలి చిమ్ముతూ ఉంటే సూక్ష్మజీవులు పెరిగి, వ్యర్థపదార్థాలను తినివేస్తాయి. ఇక చేపలు కుదుటపడతాయని అనుకోవడం సహజమే కదా! కాని తరువాత పట్టిన చేపలలో కూడా ఆ లక్షణాలు పోలేదు. మిల్లు కొన్నాళ్లు ఆగినపుడు మాత్రం ఎంజైము పని తగ్గింది. అంటే చేప ప్రతిస్పందిస్తున్నది అప్పటికప్పుడు వస్తున్న నీటికే. శుద్ధిచేసిన తరువాత కూడా ఆ నీటిలో ఏదో మిగిలి ఉంది.

దోషమంతా క్లోరినుదే అని అప్పటిదాకా చాలామంది నమ్మారు. కాని కెనడాలోని అనేక మిల్లుల వద్ద వెదకగా, క్లోరినుతో తెల్లబరచని మిల్లుల దిగువన కూడా ఇటువంటి మార్పులు కనిపించాయి. అంటే కర్రలోనే ఉన్న సహజ పదార్థాలకు కూడా ఇందులో పాలు ఉంది. ఉదాహరణకు చెట్లలో బీటా-సిటోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. దాని నిర్మాణం కొలెస్టరాలును పోలి ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌లకు దానిని ఇచ్చి చూస్తే రక్తంలో లైంగిక హార్మోనులు తగ్గాయి. ముందుగా ముద్దాయిని నిర్ణయించుకొని విచారణ చేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. ఇక్కడ చేపను విచారించడం వల్లనే ఆ సంగతి బయటపడింది.

పరికరాలు అవసరం లేకుండా కంటికే కనిపించిన సూచిక కూడా ఒకటి ఉంది. దోమపిల్లలను తింటాయని మన బావులలో, చెరువులలో వదలే గంబూసియా చేపలు మీకు తెలుసు కదా? వాటి జాతిలో మగచేపకు పొట్ట క్రింది రెక్క ఒకటి పొడవుగా సాగి ఉంటుంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు వాగు ఒకదానిలో, కాగితపు మిల్లు దిగువన, ఆడచేపలకు కూడా అటువంటి రెక్క మొలిచినట్లు 1980లో ప్రకటించారు!

మీరే చేసి చూడండి

కొద్దిగా పసుపును నీటిలో కలిపి, తెల్ల కాగితం ముక్కలకు పూసి ఆరబెట్టండి. ఒక ముక్క మీద సబ్బునీటి చుక్క, మరొక ముక్క మీద సున్నపుతేట చుక్క వేయండి. సున్నపుతేటను పెద్దల సహాయంతోనే తీసుకోండి, కంట్లో పడనీయకండి. రెండు ముక్కలూ ఎర్రబడతాయి. ఇప్పుడు రెండింటి మీదా నిమ్మరసం వేయండి. మళ్లీ పసుపురంగు వస్తుంది.

దీనివల్ల రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. ఒకటి: ఎర్రరంగును చూసి క్షారం తగిలిందని చెప్పగలం, కాని అది సబ్బో సున్నమో చెప్పలేం. రెండు: కారణం తొలగితే సూచిక కూడా చెరిగిపోతుంది.

పొగను చూసి నిప్పును పోల్చగలమా?

ఇరాడ్ కూడా పసుపుకాగితం వంటిదే. మిల్లు నీటికే కాదు, చమురుకు, మసిలోని కొన్ని పదార్థాలకు కూడా పెరుగుతుంది. నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే. కాని పొగను చూసి కాలుతున్నది గడ్డివామో గుడిసెయో చెప్పలేం. అందుకే పైత్యరసాన్ని కూడా పిలవాలి. అందులో క్లోరోగ్వయకాల్, రెసిన్ ఆమ్లాలు దొరికితే వేలు మిల్లు వైపు చూపుతుంది.

గుడ్లు పెట్టే కాలంలో ఆడచేపలలో ఈ ఎంజైము దానంతట అదే తగ్గుతుంది. నీటి వేడిని బట్టి కూడా మారుతుంది. కనుక ఒకే కాలంలో, ఒకే జాతికి, ఒకే లింగానికి చెందిన చేపలను ఎగువన కొన్ని, దిగువన కొన్ని పట్టి పోల్చాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. చేపల విషయంలో మాత్రం ఒక్క చేప చాలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. పైత్యరసం, ఇరాడ్ చెప్పేది "ఈ చేపకు ఆ పదార్థం తగిలింది" అని మాత్రమే. "హాని జరిగింది" అని చెప్పాలంటే హార్మోనులు, బీజకోశాల బరువు, ఎదుగుదల, పిల్లల సంఖ్య కూడా చూడాలి. తగలడం వేరు, దెబ్బతినడం వేరు. సాక్షి చెప్పినదానికంటె ఎక్కువ మనం చెప్పకూడదు.

ఈ సాక్ష్యం వృథా కాలేదు

కెనడా ప్రభుత్వం 1992లో కాగితపు మిల్లుల నీటికి కొత్త నిబంధనలు చేసింది. నీరు పరీక్ష నెగ్గితే చాలదు. ఆ నీరు కలిసే చోట బ్రతుకుతున్న చేపల కాలేయం, బీజకోశాలు, ఎదుగుదల ఎలా ఉన్నాయో మిల్లులే ఎప్పటికప్పుడు చూపించాలి. డయాక్సిన్ బయటపడిన తరువాత అనేక దేశాలలో మిల్లులు క్లోరిను వాయువును మాని క్లోరిన్ డయాక్సైడు, ఆక్సిజన్, హైడ్రోజన్ పెరాక్సైడు వంటివాటికి మారాయి. జాక్‌ఫిష్ బేను 2011లో "కోలుకుంటున్న ప్రాంతం"గా ప్రకటించారు.

మన గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలోనూ, సారపాకలోనూ కాగితపు మిల్లులు ఉన్నాయి. ఇక్కడ ఎక్కువగా వాడేది సరుగుడు, సుబాబుల్, జామాయిల్ కర్ర. పైన్ చెట్టు వలె వీటిలో రెసిన్ ఆమ్లాలు ఉండవు. వీటి లిగ్నిను తయారీ కూడా కొంత వేరు. అందుచేత ఫిన్లాండ్ చేపలో వెదకిన సూచికలన్నిటినీ మన శీలావతిలోనో బొచ్చెలోనో వెదకితే లాభం లేదు. ఏ నదికి ఏ ప్రశ్న వేయాలో ముందు ఆ ఒడ్డు చెట్టును తెలుసుకోవాలి. ఆ పనికి రేపు మీలో ఎవరైనా పూనుకోవచ్చు.

"చావలేదు కదండీ, బాధేముంది?" అన్న ఆ కుర్రవాడికి ఆ రోజు నేనిచ్చిన జవాబు ఇదే: "చేప చచ్చాక నీళ్లమీద తేలితే ఎవరికైనా తెలుస్తుందిరా. బ్రతికి ఉండగానే దాని మాట వినడానికి శాస్త్రం కావాలి."

ఈసారి మీ ఇంట్లో చేదుకట్టును తీస్తున్నప్పుడు దానిని ఒక్క నిమిషం పరీక్షగా చూడండి. చితకనివ్వకండి సుమా!